బుల్లి రోబోలు గుంపుగా చేరి ఆకారం ఎలా కడతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో డ్రోన్ షో చూశాం కదా, అదేగా ఇది?

కాదండీ. అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి ముందే తేల్చేద్దాం. 2024 అక్టోబర్‌లో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు కృష్ణ మీద ఆకాశంలో బొమ్మలు వేశాయి, జనం నోళ్లు తెరుచుకుని చూశారు, గిన్నిస్ రికార్డులూ వచ్చాయి. గుంపు ఉంది, బొమ్మ ఉంది, ఒప్పుకుంటాను. కానీ అలాంటి షోల్లో ఏ డ్రోన్ ఏ సెకనుకి ఎక్కడ ఉండాలో ముందే కంప్యూటర్లో లెక్క కట్టేసి దాని చేతిలో పెడతారు. అది తన జీపీఎస్ చూసుకుంటూ తన దారిన తాను పోతుంది, పక్కది ఏం చేస్తోందో దానికి అనవసరం. పక్కది మొరాయించి నేల మీదే ఉండిపోయినా ఇది తన చోటికి వెళ్లి లైటు వెలిగిస్తుంది, బొమ్మలో ఒక చుక్క తగ్గుతుంది, అంతే.

డ్రోన్ షో ఆగస్టు 15కి స్కూల్లో చేయించే డ్రిల్లు లాంటిది. మనం మాట్లాడుకోబోయేది జాతరలో జరిగే సంగతి: గుడికి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఇరుకు సందులో ఎదురుపడతారు, ఎవరూ తాడు కట్టరు, మైకులో చెప్పరు, అయినా కాసేపటికి వెళ్లే వరస ఒకటి, వచ్చే వరస ఒకటి వాటంతట అవే ఏర్పడతాయి. ప్రతి మనిషీ చూసుకునేది తన ముందు నాలుగడుగులే. వరసలు మాత్రం వీధి పొడవునా వస్తాయి. ఆ పని రోబోలతో, ఇంకా చిన్న రేణువులతో చేయించగలమా అన్నదే ఇక్కడ ప్రశ్న.

నిజంగా చేసి చూపించినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. 2014 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో హార్వర్డ్ వాళ్ల పేపర్ ఒకటి వచ్చింది, రాసింది మైఖేల్ రూబెన్‌స్టీన్, అలెహాండ్రో కోర్నెహో, రాధికా నాగ్‌పాల్. వాళ్లు కిలోబాట్ అనే బుల్లి రోబోలు 1,024 తయారు చేసి, బల్ల మీద ఒక కుప్పగా పెట్టి, వాటంతట అవే సముద్ర నక్షత్రంలా, ఇంగ్లిష్ 'కె' అక్షరంలా, పానాలా సర్దుకునేట్టు చేశారు. 1,024 ఎందుకు, వెయ్యి పెట్టొచ్చుగా అంటే, కంప్యూటర్ వాళ్లకి కిలో అంటే అదే మరి. అప్పటిదాకా ఇలాంటి ప్రయోగాలు వంద రోబోలు దాటడమే అరుదు.

రాధికా నాగ్‌పాల్ అమృత్‌సర్‌లో పెరిగారు, ఎంఐటీలో చదివి, చాలా ఏళ్లు హార్వర్డ్‌లో పనిచేసి ఇప్పుడు ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. ఈ రంగంలో ఆవిడ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది, ఇక్కడ కూడా వస్తుంది.

కిలోబాట్ చూడ్డానికి ఎలా ఉంటుంది? ఏం చేయగలదు?

33 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల, అంటే పది రూపాయల నాణెం కన్నా కాస్త పెద్దది, దాని కింద సన్నటి మూడు కాళ్లు. చక్రాలు లేవు. ఫోన్ వైబ్రేట్ అవ్వడానికి లోపల ఉండే మోటార్ లాంటివి రెండుంటాయి, ఒకటి వణికితే ఒక వైపు తిరుగుతుంది, రెండోది వణికితే రెండో వైపు, రెండూ కలిసి వణికితే ముందుకి పాకుతుంది. సెకనుకి సుమారు ఒక సెంటీమీటర్. విడిభాగాల ఖర్చు ఒక్కోదానికి దాదాపు 14 డాలర్లు. వెయ్యి చేయాలి కాబట్టి చవగ్గా ఉండాల్సిందే, అందుకని చక్రం, కెమెరా, దిక్సూచి లాంటివన్నీ తీసేశారు.

మాట్లాడుకోవడం మాత్రం వచ్చు. అడుగున ఇన్ఫ్రారెడ్ లైటు, దాన్ని పట్టే సెన్సర్ ఉంటాయి, టీవీ రిమోట్‌లో ఉండేది ఆ లైటే. ఆ వెలుగు బల్ల మీద పడి ఎగిరి పక్క రోబోకి తగులుతుంది. పది సెంటీమీటర్ల లోపు ఉన్నవాటికే వినపడుతుంది. వెలుగు ఎంత గట్టిగా తగిలిందో చూసి పక్కది ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది. ఎంత దూరమో తెలుస్తుంది గానీ ఏ వైపో తెలీదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత వచ్చే తిప్పలన్నిటికీ మూలం ఇదే.

ఇంకో తిప్ప: అవి తిన్నగా పోలేవు. పేపర్లో ఈ ముక్క చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. తర్వాత కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఫోన్ మోటార్లు అరడజను కొని, టూత్‌బ్రష్ తలలు కోసి వాటికి అతికించి బల్ల మీద వదిలాను. ఆరింట్లో ఒక్కటీ తిన్నగా పోలేదు. ఒకటి అక్కడే గిరగిరా తిరిగింది, రెండు బల్ల మీంచి దూకేశాయి, మా అమ్మాయి ఒకదానికి 'తాగుబోతు' అని పేరు పెట్టింది. అప్పుడు అర్థమైంది, వీటిని వెయ్యి పెట్టి నక్షత్రం చేశారంటే అది మోటార్ల గొప్పతనం కాదని.

దిక్కు తెలీదు, కళ్లు లేవు. మరి తాను ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది?

పక్కవాళ్లని అడిగి. ముందుగా నాలుగు రోబోల్ని మనుషులే ఒక చోట పెడతారు, వాటిని విత్తనాలు అంటారు. 'సున్నా ఇక్కడ, ఇటు ముందుకి, అటు పక్కకి' అని గ్రాఫ్ కాగితం మీద గీతలు గీసినట్టు చెప్పేది ఆ నాలుగే. మిగతా రోబో ఏదైనా, తమ చోటు తెలిసిన మూడింటి దగ్గరికి చేరితే చాలు. ఒకే గీత మీద లేని మూడు చోట్ల నుంచి దూరాలు తెలిస్తే నువ్వున్న చోటు ఒక్కటే అవుతుంది, పదో తరగతి జ్యామితి. 'నేను ఈ చుక్కలో ఉన్నాను' అని తేల్చుకున్నాక అది తర్వాత వచ్చేదానికి సాక్షి అవుతుంది. అలా ఒకదాని మీద ఒకటి ఆధారపడుతూ గ్రాఫ్ కాగితం గుంపంతా పరుచుకుంటుంది.

ఇందులో ప్రమాదం మీకు ఈపాటికి తట్టే ఉంటుంది: మొదటి వరసలో చిన్న తప్పు పడితే అది పదో వరసకి పెద్దదవుతుంది. నిజంగానే అవుతుంది. వాళ్లు ప్రచురించిన ఫోటోల్లో నక్షత్రం కాస్త వంకరగా ఉంటుంది.

కుప్పలోంచి బొమ్మలోకి ఎలా వెళ్తాయి?

దీనికి మూడే అలవాట్లు నేర్పారు. చోటు తేల్చుకోవడం ఒకటి, ఇప్పుడే చెప్పాను. రెండోది అంచు పట్టుకుని నడవడం: గుంపు బయటి అంచున ఉన్న రోబో, పక్కదానికి ఒకే దూరం పాటిస్తూ చుట్టూ పాకుతుంది. దూరం పెరిగిందా, అటు తిరుగు, తగ్గిందా, ఇటు తిరుగు. చీకటి గదిలో గోడ తడుముకుంటూ స్విచ్ దగ్గరికి వెళ్తాం చూడండి, అదే. తిన్నగా నడవడం రాని రోబోకి ఇది బాగా సరిపోయింది, ఎందుకంటే అడుగడుగునా గోడ దాన్ని దిద్దుతూ ఉంటుంది.

మూడోది నాకు అన్నిట్లోకీ నచ్చింది, దీన్ని చుట్టరికం లెక్క అంటాను. విత్తనం రోబో తన నంబరు సున్నా అంటుంది. మిగతా ప్రతిదీ తన చుట్టుపక్కల అన్నిటికంటే చిన్న నంబరు ఏదో వినుకుని, దానికి ఒకటి కలిపి, అదే తన నంబరు అని చెప్పుకుంటుంది. 'ఆయన మాకు మూడో తరం చుట్టం, అంటే మీకు నాలుగో తరం' అన్నట్టు. ఎవరూ గుంపంతా కొలవలేదు, అయినా ఎవరు విత్తనానికి ఎంత దూరమో అందరికీ తెలిసిపోయింది. అందరికంటే పెద్ద నంబరున్న రోబోలు, అంటే విత్తనానికి బాగా దూరాన ఉన్నవి, ముందు బయల్దేరతాయి. బస్సులో తలుపు దగ్గరున్నవాళ్లు ముందు దిగితేనే లోపలివాళ్లకి దారి దొరికినట్టు.

ఆగడం ఎప్పుడంటే, బొమ్మ లోపలికి అడుగుపెట్టి మళ్లీ బయటికి పోబోతున్నట్టు తేలితే ఆగాలి, లేదా తన నంబరంతే గానీ ఇంకా పెద్దది గానీ ఉన్న రోబో పక్కన ఆగి కనపడితే దాని వెనకే తానూ ఆగాలి. అలా వరస మీద వరస పేరుకుంటూ బొమ్మ నిండుతుంది.

ఒక్క నిమిషం. బొమ్మ ముందే అన్నిటికీ ఇచ్చేశారన్నమాట! మరి స్వయంగా చేసుకున్నదేముంది?

మంచి ప్రశ్న. చాలామంది రాసేవాళ్లు దీన్ని దాటేస్తారు. అవును, ప్రతి కిలోబాట్ దగ్గరా ఆ నక్షత్రం బొమ్మ ఉంటుంది, పైన వేలాడే ఒక లైటు నుంచి ప్రోగ్రామ్‌తో పాటు అన్నిటికీ ఒకేసారి పంపిస్తారు. దేనికీ తెలియనిది ఏమిటంటే ఆ నక్షత్రంలో తన చోటు ఏదో. నువ్వు ఎడమ కాలివి, నువ్వు కొమ్మువి అని ఎవరూ పంచలేదు. అన్నిట్లోనూ ఒకే ప్రోగ్రామ్, ఒకే బొమ్మ, ఏది ఎక్కడ తేలుతుందో ఆ పూట నడకని బట్టి ఉంటుంది, మళ్లీ నడిపితే ఇంకోటి అక్కడ ఉంటుంది. నా లెక్కలో దీన్ని సగం స్వయంకృషి అనొచ్చు. ఏం కట్టాలో పైనుంచి వచ్చింది, ఎవరు ఎక్కడ అన్నది లోపల తేలింది.

మిగతా సగం కూడా కావాలంటే 2018 డిసెంబర్‌లో 'సైన్స్ రోబోటిక్స్'లో వచ్చిన పని చూడండి. బ్రిటన్‌లోని బ్రిస్టల్, స్పెయిన్‌లోని బార్సిలోనా వాళ్లు అవే కిలోబాట్లు 300 తీసుకున్నారు, బొమ్మ మాత్రం ఇవ్వలేదు, గ్రాఫ్ కాగితమూ లేదు. దానికి మూలం 1952 నాటి ఆలన్ ట్యూరింగ్ ఆలోచన. కంప్యూటర్ సైన్స్‌కి పునాది వేసిన ఆ ట్యూరింగే, పిండంలో మచ్చలూ చారలూ ఎలా పుడతాయా అని లెక్కలేశాడు. రెండు రసాయనాలుంటాయి, ఒకటి ఉసిగొలుపుతుంది, ఇంకోటి అణుస్తుంది, అణిచేది ఎక్కువ దూరం పాకుతుంది. అంతే, మొదట్లో అంతటా ఒకేలా ఉన్నచోట మచ్చలు తేలతాయి. రోబోల్లో రసాయనాలు లేవు కాబట్టి వాటి బదులు రెండు అంకెలు పెట్టి, పక్కవాళ్లతో మార్చుకోమన్నారు. గుంపులో అక్కడక్కడ మచ్చలు ఏర్పడి లైట్లు వెలిగాయి, అంచున ఖాళీగా ఉన్నవి పాక్కుంటూ వెళ్లి మచ్చల దగ్గర చేరాయి, మూడున్నర గంటలయ్యేసరికి గుంపుకి చేతి వేళ్లలాంటివి మొలిచాయి. ఒక వేలు విరిచేస్తే గుంపు మళ్లీ సర్దుకుంది. ఎన్ని వేళ్లు, ఎటువైపు అన్నది ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈ రంగంలో ఏ పని కనపడినా ముందు 'బొమ్మ ఎవరి దగ్గరుంది?' అని అడగండి. ఒక్క చోట ఉంటే డ్రోన్ షో, అందరి దగ్గరా ఉంటే కిలోబాట్ నక్షత్రం, ఎవరి దగ్గరా లేకపోతే ఈ వేళ్లు.

నక్షత్రం కట్టడానికి ఎంతసేపు పట్టింది?

దాదాపు 12 గంటలు. వీడియోలో చకచకా సర్దుకున్నట్టు ఉంటుంది, అది ఫాస్ట్ ఫార్వర్డ్. అంచు వెంటే నడవాలి కాబట్టి ఒకదాని వెనక ఒకటి క్యూ, సెకనుకి సెంటీమీటర్ వేగం. లెక్కేసుకోండి మరి.

మధ్యలో ఒకటి చెడిపోతే?

వెయ్యి రోబోల్లో అన్నీ బాగుండే రోజంటూ ఉండదు, ఎప్పుడూ ఏదో ఒకటి పాడై ఉంటుంది. పదింటితో చేస్తే ఒకటి మొరాయించినప్పుడు మనిషి లేచి వెళ్లి సర్దుతాడు, వెయ్యింటితో ఆ పని కుదరదు. ఈ పేపర్ విలువ బొమ్మల్లో కంటే ఇక్కడే ఎక్కువ ఉందని నా ఉద్దేశం.

నిజంగా ఎదురైనవి ఇలాంటివి: ఒక మోటార్ నీరసంగా ఉన్న రోబో అంచు మీద నత్తలా పోతుంటే వెనకాల మిగతావన్నీ ఆగిపోయి ట్రాఫిక్ జామ్. ఇంకోటి కదులుతున్నాననుకుంటుంది గానీ కదలదు. పక్కది వచ్చి గుద్దితే చోటు జరుగుతుంది, తాను జరిగిన సంగతి దానికి తెలీదు. ఇన్ఫ్రారెడ్ సందేశం ఒక్కోసారి పోతుంది. మందు కూడా ఇరుగుపొరుగే. ఒక రోబో 'నేను ఫలానా చోట ఉన్నాను' అంటే, పక్కవి తాము కొలిచిన దూరాలతో సరిచూసుకుంటాయి. నువ్వు చెప్పేదానికీ నాకు కనపడేదానికీ పొత్తు కుదరడం లేదే అనిపిస్తే దాని మాట పట్టించుకోవడం మానేస్తాయి.

చీమలు, చెదలు, పక్షులు కూడా ఇలాగే చేస్తాయంటారు. నిజమేనా?

ఆలోచనలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట కట్టింది పాము కాదు, చెదలు. దానికి మేస్త్రీ లేడు, ప్లాను లేదు. ఫ్రాన్స్‌కి చెందిన పియరీ-పాల్ గ్రాసే 1959లో ఒక మాట అన్నాడు: చెదపురుగు ఇంకో చెదపురుగు మాట వినక్కర్లేదు, అప్పటికి కట్టిన మట్టే దానికి తర్వాతి పని చెబుతుంది. ఇక్కడ ముద్ద ఉందా, పక్కన ఇంకో ముద్ద పెట్టు. నాగ్‌పాల్ బృందం 2014లోనే టెర్మిస్ అనే రోబోలతో ఇది చేసి చూపించింది. అవి ఇటుకల్లాంటి దిమ్మెలు మోసుకొచ్చి మెట్లు కడతాయి, వాటిలో అవి మాట్లాడుకోవు, కట్టడాన్ని చూసే ఏం చేయాలో తేల్చుకుంటాయి.

పక్షుల సంగతి ఇంకా ముచ్చటైనది. మన గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగులు చలికాలంలో రోమ్ నగరం మీద సాయంత్రాలు వేలల్లో ఎగురుతాయి, నల్లటి మబ్బు సాగుతూ ముడుచుకుంటూ ఉన్నట్టుంటుంది. ఇటలీ శాస్త్రవేత్తలు కెమెరాలు పెట్టి ఒక్కో పక్షి చోటునీ త్రీడీలో కొలిచి 2008లో చెప్పిన సంగతి: ప్రతి పక్షీ దగ్గర్లో ఉన్న ఆరేడింటినే పట్టించుకుంటుంది, అవి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. అందుకే డేగ వచ్చి గుంపు పలచబడినా చెదిరిపోదు, దూరం పెరిగినా ఆ ఆరేడుగురూ ఆరేడుగురే. ఆ బృందంలో ఒకాయన జార్జియో పరిసీ, 2021లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నాడు (నోబెల్ పక్షుల మీద కాదు లెండి).

మిడతల దండు కూడా అంతేనా?

అంతే అనుకున్నారు. హంగరీకి చెందిన తమాష్ విచెక్ 1995లో ఒక మోడల్ ఇచ్చాడు, అంత చిన్న మోడల్ ఫిజిక్స్‌లో తక్కువ: ఒక్కో జీవినీ ఒక చుక్క అనుకుంటే, ప్రతి చుక్కా తన చుట్టూ ఉన్నవాటి సగటు దిక్కు పట్టుకుంటుంది, కొంచెం తడబడుతుంది. జనం పలచగా ఉన్నా, తడబాటు ఎక్కువైనా అంతా గందరగోళం. జనం చిక్కబడితే ఒక దశలో ఉన్నట్టుండి అన్నీ ఒకే దిక్కు పడతాయి, నీళ్లు గడ్డకట్టినట్టు. 2006లో గుండ్రటి తొట్టెలో మిడత పిల్లల్ని వదిలి చూస్తే అవీ సంఖ్య పెరిగే కొద్దీ అలాగే ఒకే వైపు నడిచాయి. అందరూ సంతోషించారు. ఆ 2006 బృందంలో ఉన్న ఇయన్ కౌజిన్ 2025లో తన సహచరులతో కలిసి అదే విషయం తిరగతోడి, మిడతలు పక్కవాటి దిక్కుని సగటు తీసి పట్టుకోవడం లేదనీ, కంటికి కనపడేదాన్ని బట్టి ఎటు పోవాలో తేల్చుకుంటున్నాయనీ తేల్చాడు. గుంపు ఒకేలా కనపడినంత మాత్రాన లోపలి నియమం ఒకటే కానక్కర్లేదు. మోడల్ సరిపోయింది కదా అని సంబరపడే మా బోటివాళ్లకి అదొక చెంపదెబ్బ.

ప్రోగ్రామే లేని రేణువులు కూడా ఆకారం కడతాయా?

కడతాయి, మీ వంటింట్లోనే చూడొచ్చు. పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు మరమరాలు విడివిడిగా వేయండి. కాసేపటికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కొన్ని అంచుకి అంటుకుంటాయి. తేలే ప్రతి గింజా తన చుట్టూ నీటి మట్టాన్ని కాస్త వంచుతుంది, పక్కది ఆ వాలు వెంట దాని వైపు జరుగుతుంది. బుద్ధి లేదు, మోటార్ లేదు.

దీన్నే కాస్త ముదిరేట్టు చేస్తే అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ల బాబ్‌బాట్లు వస్తాయి, 2021 నాటి పని. గుండ్రటి డబ్బాలు, కింద వణికే బ్రష్షు కాళ్లు, చుట్టూ అయస్కాంతాలు. సెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు. అయస్కాంతం బలహీనంగా ఉంటే ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు, ఒక హద్దు దాటి బలంగా ఉంటే అన్నీ ఒక ముద్ద కడతాయి, కలిసి బరువులు కూడా నెడతాయి. అంటే ప్రోగ్రామ్ అయస్కాంతంలోనే ఉందన్నమాట. నా టూత్‌బ్రష్ రోబోలకి అయస్కాంతాలు అతికించి ఉంటే 'తాగుబోతు' కూడా ఏదో ఒక పనికొచ్చేది.

ఇంకా కిందికి, కంటికి కనపడని సైజుకి వెళ్తే న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు 2013లో చేసిన ప్రయోగం ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లలో, తుప్పు లాంటి ఇనుప ఖనిజం ముక్క పొదిగిన ప్లాస్టిక్ గోళీలు, మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు సైజువి. నీలి లైటు వేస్తే ఆ ఖనిజం దగ్గర రసాయన చర్య మొదలై అవి ఈదుతాయి, ఒకదాన్నొకటి లాక్కుని తేనెపట్టు గదుల్లా వరసగా పేర్చుకుంటాయి. లైటు ఆపేస్తే విడిపోయి చెదిరిపోతాయి. మళ్లీ వేస్తే మళ్లీ కడతాయి.

ఒక్కటే ఉంటే కదలనే లేనివాటిని కలిపితే కదులుతాయట, నిజమా?

నిజం. 2019లో 'నేచర్'లో వచ్చింది, ఎంఐటీ, కొలంబియా వాళ్ల పని. పళ్లెం సైజు గుండ్రటి యంత్రాలు, ఒక్కోటి చేయగలిగిందల్లా ఊపిరి పీల్చినట్టు ఉబ్బడం, ముడుచుకోవడం. ఒక్కటే ఉంటే అక్కడే ఉబ్బుతూ కూర్చుంటుంది. రెండు డజన్ల దాకా అంటించి పెట్టి, లైటు ఎక్కువ పడేది ముందు ఉబ్బాలి, తక్కువ పడేది వెనక ఉబ్బాలి అన్నారు. ఆ ఉబ్బు అలలా పాకి మొత్తం ముద్ద లైటు వైపు జరుగుతుంది, వానపాములాగా. ఐదో వంతు చచ్చుబడినా గుంపు ఆగలేదు, నెమ్మదించిందంతే.

నాకు కావాల్సిన ఆకారం చెబితే నియమాలు రాసిచ్చే పద్ధతి ఏమన్నా ఉందా?

అన్ని ఆకారాలకీ పనికొచ్చేది లేదు, అసలు కష్టం అక్కడే ఉంది. నియమాలు ఇచ్చి గుంపు ఏం చేస్తుందో చూడటం తేలిక, కంప్యూటర్లో నడిపితే సరి. క్రెయిగ్ రేనాల్డ్స్ 1980ల్లోనే మూడు నియమాలతో స్క్రీన్ మీద పక్షుల గుంపు ఎగిరించాడు: మరీ దగ్గరికి రాకు, పక్కవాళ్ల దిక్కు పట్టు, గుంపు మధ్యకి జరుగు. తిరగేసి, 'నాకు కుర్చీ ఆకారం కావాలి, ఒక్కో రేణువు ఏ నియమం పాటించాలి?' అంటే చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే నియమంలో చిన్న మార్పు గుంపుని ఎటు తీసుకెళ్తుందో ఊహించలేం. రాధికా నాగ్‌పాల్ ఎంఐటీలో 2001లో చేసిన పీహెచ్‌డీ ఈ ప్రశ్న మీదే. కాగితం మడతల భాషలో ఆకారం చెబితే దాన్ని పొరుగువాళ్ల నియమాల్లోకి మార్చే పద్ధతి కట్టారు. మడతలతో చెప్పగలిగిన ఆకారాలకి పనిచేసింది. అలా ఒక్కో రకం ఆకారానికి ఒక్కో దారి దొరుకుతోంది.

దీనివల్ల ఉపయోగం ఏంటి?

ఇప్పటికిప్పుడు అంటే ఎక్కువగా అర్థం చేసుకోవడానికే. కిలోబాట్ ఇంట్లో పనికిరాదు. ఆశలు మాత్రం ఉన్నాయి: జీపీఎస్ అందని సముద్రం అడుగున చేపల్లా గుంపుగా తిరిగి కొలతలు తీసే రోబోలు (2021లో హార్వర్డ్ బృందం బ్లూబాట్లనే ఏడు చేప రోబోల్ని నీలి లైట్ల సాయంతో ఒకదాన్నొకటి చూసుకుంటూ తొట్టెలో గుండ్రంగా ఈదించింది), పడిపోయిన భవనాల్లో దూరేవి, పనిని బట్టి ఆకారం మార్చుకునే పనిముట్లు. చివరిది నా జీవితకాలంలో చూస్తానని అనుకోవడం లేదు.

రక్తంలోకి నానో రోబోలు ఎక్కించి క్యాన్సర్ తగ్గిస్తారని వాట్సాప్‌లో వచ్చింది.

ల్యాబుల్లో పని జరుగుతోంది, అది నిజం. మీ ఊళ్లో ఎవరైనా ఆ వైద్యం అమ్ముతున్నారంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇది ఏఐ యేనా?

ఇక్కడ చెప్పిన వాటిలో దేన్లోనూ ఇప్పుడు అందరూ ఏఐ అంటున్న నేర్చుకునే యంత్రం లేదు. కిలోబాట్ మెదడు ఎనిమిది మెగాహెర్ట్జ్ చిప్, ఆర్డ్యూయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుల్లో వాడే రకం, ప్రోగ్రామ్ పట్టే చోటు 32 కిలోబైట్లు. మీ ఫోన్లో ఒక గుడ్ మార్నింగ్ ఫోటో అందులో పట్టదు.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాది. ప్రాజెక్ట్‌గా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రోబోలు కొనడంతో మొదలుపెట్టకండి. కిలోబాట్ డిజైన్ అందరికీ తెరిచే ఉంది, స్విట్జర్లాండ్‌కి చెందిన కె-టీమ్ అనే కంపెనీ తయారు చేసి అమ్ముతుంది కూడా, కానీ పది కొంటే గుంపు అవ్వదు, వంద కొంటే ఇల్లు గడవదు. ముందు నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఉచితం, అందులో పక్షుల గుంపు మోడల్ ముందే ఉంటుంది, బటన్లు జరుపుతూ ఒక సాయంత్రం ఆడుకోండి. తర్వాత పైథాన్‌లో చుట్టరికం లెక్క మీరే రాయండి, ఇరవై ముప్పై లైన్లు. అది పనిచేశాక ప్రతి సందేశంలో పదో వంతు పోయేట్టు, ప్రతి కొలతలో కాస్త తప్పు పడేట్టు మార్చండి. మార్కులు అక్కడ వస్తాయి, వైవాలో అడగాల్సింది కూడా అదే. నిజం రోబోల మీద నడపాలని ఉంటే జార్జియా టెక్‌లో రోబోటేరియం అని ఉంది, కోడ్ పంపిస్తే వాళ్ల రోబోల మీద నడిపి వీడియో, డేటా తిరిగి పంపుతారు, డబ్బులేం తీసుకోరు.

టూత్‌బ్రష్ రోబోలు చేస్తానంటే కూడా మంచిదే, కాకపోతే బల్ల అంచుకి అట్టముక్కలు నిలబెట్టి అప్పుడు వదలండి.